మీ చేతిలో రీళ్ల పెట్టె

సినిమా వ్యాపారస్తుల దగ్గరుండే పటం వేరు. అందులో మండలాలుండవు, రెవిన్యూ డివిజన్లుండవు. నైజాం, సీడెడ్, వైజాగు, ఈస్టు, వెస్టు, కృష్ణా, గుంటూరు, నెల్లూరు... అంతే! 1800లో నిజాం నవాబు కుంఫిణీవాళ్లకి రాసిచ్చేసిన సీమ గనక రాయలసీమకి సీడెడ్ అన్న పేరు పడింది. నవాబు పోయాడు, కుంఫిణీ పోయింది, తెల్లదొర కూడా పోయాడు. పేరు మాత్రం కలెక్షన్ల పట్టికలో నిక్షేపంగా ఉంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ ఆ ఖాతాలోవే.

పోయిన నెలలో ఆ మూడూళ్లూ చుట్టి వచ్చాను. సినిమా పనిమీద కాదు, సినిమాలు చూసే పిల్లల్ని చూద్దామని. టీ బంకుల దగ్గర, బస్టాండుల్లో, కాలేజీ గేట్ల ముందు మీ ఈడువాళ్లతో కూర్చున్నాను. ఏ హీరో గొప్ప అన్న తగువు నా చిన్నప్పటిలాగే ఉంది. ఒకటే తేడా. అప్పుడు ఎవరో ఒకరి గొంతు బొంగురుపోతే తగువు తీరేది. ఇప్పుడు ఫోనులో ఛార్జింగు అయిపోతే తీరుతోంది!

ఈవారం ముచ్చట ఆ ఫోను గురించే. నాకు బాగా వచ్చింది సినిమా భాష ఒక్కటే గనక ఆ భాషలోనే చెబుతాను.

బొమ్మ తీసేవాడు నిర్మాత. ఆడించేవాడు హాలు యజమాని. మధ్యలో డిస్ట్రిబ్యూటరు. ఈయన లేకపోతే ఎంత గొప్ప బొమ్మయినా డబ్బాలోనే ఉంటుంది. డిజిటల్ రాకముందు రీళ్లు పెట్టెల్లో బస్సులెక్కి, రైళ్లెక్కి వచ్చేవి. విడుదలరోజు హాలు ముందు జనం అడిగే మొదటి మాట "టిక్కెట్లు ఇస్తున్నారా?" అని కాదు, "పెట్టె వచ్చిందా?" అని. ఆ పెట్టె తెప్పించినాయన పేరు పోస్టరు మీద అచ్చయి ఉండేది. బొమ్మ బాగా లేకపోతే జనం ఆ పేరు చదివి మరీ తిట్టేవారు.

ఇప్పుడు మీ సంగతి చూద్దాం. మీ ఫోనులోకి ఒక వీడియో వచ్చింది. చూశారు. అంతవరకూ మీరు ప్రేక్షకులు. దాన్ని మీ క్లాసు గ్రూపులోకి తోశారు. ఆ క్షణాన నేల టిక్కెట్టులోంచి లేచి డిస్ట్రిబ్యూటరు కుర్చీలో కూర్చున్నారన్నమాట. మీ క్లాసు ఏరియాకి ఆ బొమ్మ విడుదల చేసింది మీరే. పెట్టుబడి లేదు, పోస్టరు లేదు, పోస్టరు మీద పేరు అసలే లేదు. ఆ చివరిదాంట్లోనే ఉంది చిక్కంతా.

మదనపల్లెలో ఒక పెద్దాయన పరిచయమయ్యాడు. టూరింగు టాకీసుల్లోనూ, తర్వాత పక్కా హాళ్లలోనూ ప్రొజెక్టరు నడిపిన మనిషి. మాటల్లో బిట్ల ప్రస్తావన వచ్చింది. బిట్లంటే ఈతరం వాళ్లకి తెలియకపోవచ్చు. సెన్సారైన బొమ్మ మధ్యలో, ఆ బొమ్మకి ఏ సంబంధమూ లేని బూతు ముక్క ఒకటి అతికించి ఆడించేవారు కొన్ని హాళ్లలో. కథానాయిక తోటలో పూలు కోస్తూంటుంది, ఉన్నట్టుండి తెర మీద ఇంకెవరో ప్రత్యక్షం! రెండు నిమిషాల్లో మాయం. మళ్లీ కథానాయిక, మళ్లీ పూలు. ఆ నటీమణికి తన బొమ్మలో ఇలాంటిది కలిపారని కలలోకూడా తెలియదు.

"బిట్టు తెచ్చేవోడు ఒకడు సామీ, అతికించేది ఇంకొకడు, చూసేది ఊరంతా" అన్నాడు పెద్దాయన. "పోలీసులొస్తే మాత్రం తెచ్చినోడు దొరకడు. 'నాకేం తెల్సు, పెట్టెలో వచ్చింది, ఆడించినా' అని చెప్పినా ఎవురూ వినరు. ఎందుకు వింటారు? అతుకు ఏడుందో చేత్తో తడిమితే మాకు తెలిసిపోతాది కదా!"

ఆయన చెప్పింది చట్టంలోనూ ఉంది. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ఏడో సెక్షను ఒక్కసారి చూడండి. సర్టిఫికెట్ వచ్చాక బొమ్మని మార్చినవాడే కాదు, సర్టిఫికెట్ లేనిదాన్ని ప్రదర్శించినవాడూ, ప్రదర్శించనిచ్చినవాడూ కూడా శిక్షకి అర్హులే. మూడేళ్లవరకూ జైలు. "నేను తియ్యలేదు, ఆడించానంతే" అన్న మాట అక్కడ చెల్లదు.

మన కుర్రాళ్లు ఎవర్ని కదిపినా అదే మాట వినపడింది నాకు. "నేను చేసింది కాదు కదా సార్, వచ్చింది, పంపినాను."

గుంటూరు వైపు సంగతి ఒకటి చెబుతాను. అది వార్తల్లో వచ్చిందే, మీకూ తెలిసే ఉంటుంది. కానీ చివరిదాకా తెలిసినవాళ్లు తక్కువ.

2023 అక్టోబరులో జారా పటేల్ అనే బ్రిటిష్ భారతీయ యువతి తాను లిఫ్టులోకి వస్తున్న వీడియో ఒకటి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకుంది. ఆవిడ వీడియో, ఆవిడ ఇష్టం. నవంబరు మొదటివారానికల్లా అదే వీడియోలో జారా మొహం పోయి రష్మికా మందన్న మొహం వచ్చింది. లోకమంతా తిరిగింది. 'పుష్ప'లో శ్రీవల్లిగా వేసినప్పట్నించీ చిత్తూరువైపు పిల్లలకి రష్మిక అంటే సొంతింటి మనిషి. ఆమె అన్నది ఏమిటంటే, ఇప్పుడు నాకు కుటుంబం ఉంది, స్నేహితులున్నారు, అండగా నిలిచారు, అదే నేను స్కూల్లోనో కాలేజీలోనో ఉన్నప్పుడు జరిగుంటే ఎలా తట్టుకునేదాన్నో ఊహించలేను అని. మీరు ఉన్నది సరిగ్గా అక్కడే, స్కూల్లోనో కాలేజీలోనో. అంచేత ఈ మాట మీకోసమే అన్నట్టుంది.

అందరూ రష్మిక గురించే మాట్లాడారు. న్యాయమే. కానీ ఒళ్లు ఎవరిది? జారా పటేల్‌ది. ఆవిడ మొహం తీసి అవతల పారేశారు, ఒంటిని వాడుకున్నారు. ఒక్క అతుకుతో ఇద్దరాడవాళ్లకి అన్యాయం జరిగింది. బిట్లకాలంలో కూడా ఇంత దూరం పోలేదు.

ఢిల్లీ పోలీసులు రెండు నెలలకి పైగా వెతికి 2024 జనవరి 20న ఒకణ్ని పట్టుకున్నారు. ఎక్కడ? మన గుంటూరు జిల్లాలో. ఇరవై నాలుగేళ్లవాడు, ఇంజినీరింగు చదివాడు. రష్మిక అంటే కిట్టనివాడా? కాదు! రష్మిక పేరుమీద ఫ్యాన్ పేజీ నడుపుతున్న అభిమాని! పేజీకి జనం పెరగాలని ఈ పని చేశాడని పోలీసులు చెప్పారు. పెరిగారు కూడా. రెండు వారాల్లో 90 వేలనించి లక్షా 8 వేలకి. పెద్దపెద్ద నటులు కోప్పడుతుంటే భయపడి పోస్టు తీసేశాడు, పేజీ పేరు మార్చేశాడు. అయినా దొరికాడు.

ఆ కుర్రాడి సంగతి కోర్టు చూసుకుంటుంది. నేను ఆలోచించేది ఆ పద్దెనిమిది వేలమంది గురించి. వాళ్లెవరూ కంప్యూటరు ముందు కూర్చుని మొహం అతికించలేదు. వాళ్లు లెక్కలోకి వస్తారు గనకే ఆ పిల్లాడు అతికించాడు. నేలక్లాసు నిండుతుందని తెలిస్తేనే కదా హాలువాడు బిట్టు కలిపేది!

ఈ గుట్టు బయటపడ్డ తీరు కూడా చెప్పుకోవాలి. ఒక జర్నలిస్టు జారా పటేల్ అసలు వీడియోని వెతికి పట్టుకుని, నకిలీదాని పక్కన పెట్టి, ఇదీ అసలు, అదీ దొంగది అని తన పేరుతో ఎక్స్‌లో చూపించాడు. ఆయనా వీడియోని పంచిపెట్టినవాడే. కానీ అసలెక్కడిదో చెప్పాడు, తన పేరు కింద పెట్టాడు, ఎందుకు చూపిస్తున్నాడో చెప్పాడు. పోస్టరు మీద పేరున్న డిస్ట్రిబ్యూటరు ఆయన.

నకిలీ సంగతి సరే, నిజమైన వీడియో అయితే? అందులో అతుకు లేదు, మోసం లేదు. అప్పుడు పంపొచ్చా?

మదనపల్లెలో ఈ ప్రశ్న వేస్తే పిల్లలు కాసేపు ఎవరూ మాట్లాడలేదు. 2021 జనవరిలో ఆ ఊళ్లో ఒక ఇంట్లో ఇద్దరాడపిల్లలు కన్నవాళ్ల చేతుల్లోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. మూఢనమ్మకం, మతి చలించిన స్థితి... ఆ దారుణాన్ని ఇక్కడ మళ్లీ వర్ణించను. పోలీసుల అదుపులో ఉన్న ఆ తల్లి కొవిడ్ పరీక్షకి ఒప్పుకోక, నేనే శివుణ్ని అంటూ మాట్లాడిన వీడియో దేశమంతా తిరిగింది. దానికి పాటలు కలిపినవాళ్లున్నారు. నవ్వే బొమ్మలు పెట్టినవాళ్లున్నారు. చనిపోయిన పిల్ల అంతకుముందు పెట్టుకున్న పోస్టులు తవ్వి తీసి పంచుకున్నవాళ్లున్నారు. తర్వాత ఆ దంపతుల్ని విశాఖపట్నం మానసిక వైద్యశాలకి పంపారు. పంపేలోగానే మనవాళ్లు నవ్వుకోవడం పూర్తిచేశారు.

"బయటూళ్లో చదువుకు పోతే, ఏ ఊరని అడిగి, 'ఓ... ఆ మదనపల్లెనా' అంటారు సార్" అంది డిగ్రీ చదివే ఒకమ్మాయి. "టమోటా మార్కెట్ ఉంది, రిషివ్యాలీ ఉంది, జనగణమనని రవీంద్రనాథ్ టాగూరు ఇంగ్లీషులోకి మార్చింది ఈడే. అయినా ఎవురికీ అవి గుర్తు రావు. ఆ వీడియోనే." ఆ పిల్ల చెప్పింది నిజం. టాగూరు 1919లో మదనపల్లె థియొసాఫికల్ కాలేజీలో ఉండగానే ఆ అనువాదం చేశారు. వందేళ్ల పేరుని ఒక్క వీడియో మింగేసింది. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు, అదే విశేషం. నిజమే. కానీ మతి నిలకడలేని మనిషి అది. అదే మన ఇంట్లో మనిషయితే తలుపు వేసి, నలుగురికీ కనపడకుండా ఒంటిమీద దుప్పటి కప్పుతాం.

పుంగనూరు చేరేసరికి మాట ఇంకా వేడెక్కింది. అక్కడి కుర్రాళ్లు గట్టివాళ్లు, నా మాటకి ఊఁ కొట్టలేదు.

2024 సెప్టెంబరు నెలాఖర్లో పుంగనూరులో ఒక చిన్నపాప కనపడకుండా పోయింది. అక్టోబరు మొదట్లో ఊరి బయట నీళ్లట్యాంకులో శవమై తేలింది. ఊరు ఊరంతా ఏడ్చింది. ఈలోగా ఫోన్లలో పాప ఫొటో, పేరు, పక్కనే ఒక మాట: అత్యాచారం చేసి చంపారని. ఆ మాట ఎవడన్నాడో ఎవరికీ తెలీదు. రాష్ట్రమంతా పాకింది. రాజకీయం అందుకుంది. తీరా పోలీసులు విచారించి చెప్పిందేమిటి? అప్పు తగాదా పెట్టుకుని తెలిసిన ఆడవాళ్లే చేసిన హత్య, లైంగికదాడి జరగలేదు అని.

ఇక్కడ కాస్త నిదానించి లెక్క చూడండి. ఆ ఫొటో, ఆ మాట కలిపి పంపినవాడికి రెండే దార్లు. ఆ మాట అబద్ధమైతే, చచ్చిపోయిన పసిబిడ్డ మీద, కడుపుకోతతో ఉన్న తల్లిదండ్రుల మీద లేనిపోని నరకం మోపినట్టు. సరే, అది నిజమనుకుందాం. నిజమైతే పేరూ ఫొటో బయటపెట్టడమే నేరం! లైంగికదాడికి గురైన పిల్లల వివరాలు వెల్లడించకూడదని పోక్సో చట్టం 23వ సెక్షను చెబుతుంది. చనిపోయినవాళ్ల పేరు కూడా చెప్పకూడదని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడాది ఏప్రిల్లో, కఠువా పాప పేరు బయటపెట్టినందుకు పన్నెండు మీడియా సంస్థల్ని తలా పది లక్షలు కట్టమంది ఢిల్లీ హైకోర్టు. అంటే మాట నిజమైనా తప్పే, అబద్ధమైనా తప్పే. ఆ ఫొటోని ఆ మాటతో పంపడానికి మూడో దారి లేదు.

"సార్, మీరు చెప్పేది బాగానే ఉంది" అన్నాడు ఒక కుర్రాడు, టీ గ్లాసు పక్కన పెట్టి. "మేం షేర్ చెయ్యకపోతే ఎవురు కదుల్తారు? మంత్రులు వస్తారా? హైదరాబాదు పిల్లయితే టీవీవోళ్లే చూపిస్తారు. పుంగనూరు పిల్లని ఎవురు చూస్తారు?"

ఈ ప్రశ్నకి నా దగ్గర తడుముకోని జవాబు లేదు. ఆ కుర్రాడిది కడుపుమంట, దొంగ ఏడుపు కాదు. చిన్న ఊళ్ల గోడు పెద్ద ఊళ్లకి వినపడాలంటే గట్టిగా అరవాల్సిందే, ఒప్పుకుంటాను. కానీ అరిచేదేమిటి? "పుంగనూరులో పాప కనపడటం లేదు, ఫలానా చోట చివరిసారి చూశారు" అని పాప బతికుండగా పంపిన ఫొటో ఒకటి. అది వెతకడానికి పనికొస్తుంది. శవం దొరికాక, ఎవరో కల్పించిన మాట కలిపి పంపిన అదే ఫొటో ఇంకొకటి. ఇది దేనికి పనికొస్తుంది? ఫొటో ఒకటే, బొమ్మలు రెండు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరం తర్వాత కూడా ఆ డాక్టరమ్మ పేరు దేశమంతా మారుమోగింది. చివరికి పోలీసులే, ఇకమీదట 'దిశ' అని పిలవండి అని వేరే పేరు పెట్టాల్సివచ్చింది. పేరు మార్చినంత మాత్రాన కోపం చల్లారిందా? లేదు. దిశ అన్న పేరుమీదే జనం వీధుల్లోకి వచ్చారు. న్యాయం అడగడానికి పిల్ల మొహం అక్కర్లేదని దానివల్ల నాకు అర్థమైంది.

కుర్రాడు పూర్తిగా ఒప్పుకున్నాడని చెప్పను. "ఆలోచిస్తాలే సార్" అన్నాడు. టీ డబ్బులు మాత్రం నన్ను ఇవ్వనీలేదు.

కుప్పం సంగతి వేరు. అటు అడుగు వేస్తే తమిళనాడు, ఇటు అడుగు వేస్తే కర్ణాటక. ఒకే వీధిలో మూడు భాషల పాటలు వినపడతాయి. డబ్బింగు బొమ్మ అవసరమే లేని ఊరు, అసలుదే అర్థమవుతుంది! అలాంటి ఊరికి పుకారు కూడా మూడు భాషల్లో వస్తుంది. తమిళంలో వచ్చినప్పుడు ఊరి పేరు ఒకటుంటుంది, తెలుగులోకి దిగేసరికి ఆ పేరు పోయి మన పక్కూరి పేరు చేరుతుంది. పుకార్లకి డబ్బింగు ఖర్చు కూడా లేదు.

2018 ఏప్రిల్, మే నెలలు గుర్తున్నాయా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని ఫోన్లన్నీ అల్లాడిపోయాయి. దాంతోపాటు ఒక వీడియో. వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. మోటారుసైకిలు మీద ఇద్దరొస్తారు, ఒక పిల్లాణ్ని లాక్కుని ఉడాయిస్తారు. చూసినవాళ్ల గుండె గుభేలుమంది.

అది నిజం కాదు. సినిమా! పాకిస్తాన్లో కరాచీ నగరంలో తప్పిపోయిన పిల్లలకోసం పనిచేసే రోష్నీ హెల్ప్‌లైన్ అనే సంస్థ 2016లో తీయించిన ప్రచారచిత్రం. అసలు చిత్రంలో ఆ ఇద్దరూ వెనక్కి తిరిగొస్తారు, పిల్లాణ్ని దింపుతారు, అట్టముక్క ఎత్తి చూపిస్తారు. కరాచీ వీధిలో ఒక పిల్లాణ్ని ఎత్తుకుపోవడానికి క్షణం చాలు, జాగ్రత్త అని దాని సారాంశం. మంచి ఉద్దేశంతో తీసిన మంచి బొమ్మ. ఎవడో చివరి షాటు కత్తిరించేశాడు. అంతే. బిట్టు కలపలేదు, ఒక ముక్క తీసేశాడు. పిల్లల్ని కాపాడమని చెప్పే బొమ్మ పెద్దల్ని చంపే బొమ్మ అయిపోయింది.

చంపిందా అంటే, చంపింది. కుప్పం పక్క రాష్ట్రంలోనే, తిరువణ్ణామలై జిల్లాలో, 2018 మే 9న కులదైవం గుడికి కారులో వెళుతున్న కుటుంబం ఒకటి దారి అడగడానికి ఆగింది. అరవై దాటిన పెద్దావిడ అక్కడున్న పిల్లలకి చాక్లెట్లిచ్చింది. అదే నేరమైంది. ఊళ్లవాళ్లు వెంటబడి కొడితే ఆవిడ ప్రాణం పోయింది. అదే నెలలో హైదరాబాదులో చాంద్రాయణగుట్ట దగ్గర ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ఇదే పుకారుకి బలైంది. కొట్టినవాళ్ల మీద కేసులు పెట్టారు. చివరి షాటు లేని ఆ బొమ్మని ఇంటింటికీ చేర్చిన వేలమంది ఎవరు? వాళ్లకే తెలియదు.

ఆ ఏడాది జూలైలో వాట్సాప్‌వాళ్లు మనదేశంలో ఒక్కసారికి అయిదుచోట్లకి మించి ఫార్వర్డ్ చెయ్యకుండా గీత గీశారు. 2020 ఏప్రిల్లో, చాలా చేతులు మారి వచ్చినదయితే ఒక్కచోటికే అన్నారు. రెండు బాణం గుర్తులు కలిసి కనపడతాయే, అదీ దాని ముద్ర. ఆ గుర్తు చూసి మావాళ్లేమంటారో తెలుసా? "అంతమంది పంపారంటే నిజమే అయ్యుంటుంది" అని! హాలు ముందు క్యూ చూసి టిక్కెట్టు కొన్నట్టు!

గ్రూపు అడ్మిన్ల మాట ఒకటి. సభ్యుడు పెట్టిన చెత్తకి అడ్మిన్ మీద కేసు కుదరదని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. అంటే హాలు యజమానికున్న భయం అడ్మిన్‌కి లేదు. కానీ అదే ఏడాదినించి ఎవరు పెట్టినదాన్నయినా అందరి ఫోన్లలోంచీ తీసేసే మీట అడ్మిన్ చేతికొచ్చింది. మీలో చాలామంది ఫ్యాన్స్ గ్రూపులకి అడ్మిన్లని నాకు తెలుసు. ఆ మీట ఎన్నిసార్లు నొక్కారు? ఎదుటి హీరోని పొగిడినప్పుడు నొక్కుతారని విన్నాను. ఆడపిల్లని తిట్టినప్పుడు నొక్కినట్టు ఎవరూ చెప్పలేదు.

తిట్ల సంగతి వచ్చింది గనక అదీ చెప్పేస్తాను. 2020 జూన్‌లో నటి మీరా చోప్రా, పవన్ కళ్యాణ్‌తో 'బంగారం'లో చేసినావిడ, ట్విట్టర్‌లో ప్రశ్నలకి జవాబులిస్తూ తనకి మహేష్‌బాబంటే ఎక్కువ ఇష్టమనీ, జూనియర్ ఎన్టీఆర్‌కి అభిమానిని కాననీ అంది. ఒక మనిషికి ఒకరంటే ఇష్టం, అంతే కదా! ఎన్టీఆర్ బొమ్మ తగిలించుకున్న ఖాతాలవాళ్లు ఆమెనీ ఆమె కన్నవాళ్లనీ అన్న మాటలు ఈ కాగితం మోయలేదు. చెరుస్తాం అన్నదాకా పోయారు. ఆమె హైదరాబాదు సైబర్ పోలీసులకి ఫిర్యాదు చేసింది. తన మొహం పెట్టుకుని ఎవరేం కూస్తున్నారో హీరోకి తెలుస్తుందా? బిట్టుబొమ్మలో కథానాయికకి తెలిసినంతే.

సినిమా వారపత్రికల్లో ఉత్తరాల పేజీ ఎప్పుడైనా చదివారా? కారాలూ మిరియాలూ నూరేవారు పాఠకులు. డైరెక్టర్ని వంటవాడికంటే కనాకష్టంగా చూసేవారు. అయినా ఉత్తరం అడుగున పేరుండేది, పేరు పక్కన ఊరుండేది. ఫలానా, మదనపల్లె. ఫలానా, కుప్పం. రేపు పొద్దున నాలుగురోడ్ల కూడలిలో ఎవరైనా "ఏమప్పా, పత్రికలో అట్లా రాసినావు" అని అడుగుతారేమోనన్న జంకుతో రాసేవారు. ముసుగు ఎప్పుడూ తప్పేనని నేననను. పై అధికారి అక్రమం బయటపెట్టే గుమాస్తాకి ముసుగు కావాలి, ఫిర్యాదు చేసే ఆడపిల్లకి కావాలి. ఆడపిల్లని తిట్టేవాడికెందుకు?

కుప్పంలో ఒకమ్మాయి నలుగురి ముందూ అడగలేక, నేను రైల్వేస్టేషనుకి బయల్దేరుతుంటే వెంట వచ్చింది. వాళ్ల క్లాసుపిల్ల ఫొటోకి ఏదో చేసి బట్టలు లేనట్టు మార్చి ఎవరో గ్రూపులో పెట్టారట. ఈమె ఎవరికీ పంపలేదు. గ్రూపులోంచి బయటికి వచ్చేసింది. "నేను చేసింది కరెక్టేనా సార్?" అని అడిగింది.

పంపకపోవడం మంచిదే తల్లీ, సగం పని అయింది, మిగతా సగం ఉంది అన్నాను. ఆ ఫొటోని నీ ఫోనులో దాచకు. ఏ ఖాతానించి వచ్చింది, ఏ తేదీన, ఏ టైముకి, అది మాత్రం రాసిపెట్టు. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఆడవాళ్లకీ పిల్లలకీ సంబంధించిన ఫిర్యాదు పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు. ఇలాంటి మార్చిన ఫొటోల మీద ఫిర్యాదు అందిన 24 గంటల్లో తీసెయ్యాలని 2021లోనే ఐటీ నిబంధనలు కంపెనీలకి గడువు పెట్టాయి. పద్దెనిమిది దాటినవాళ్లయితే స్టాప్ఎన్‌సీఐఐ అనే సదుపాయం ఉంది. ఫొటో ఎవరికీ పంపక్కర్లేదు, ఫోనులోనే దానికొక గుర్తుసంఖ్య తయారవుతుంది, ఆ సంఖ్యని పట్టుకుని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివి అది మళ్లీ ఎక్కకుండా ఆపుతాయి. ఇవన్నీ చెప్పి, ముందు ఆ అమ్మాయికి చెప్పావా అని అడిగాను.

"నిన్ననే చెప్పినా సార్" అంది. "ఎవురు పెట్టినారని అడుగుతాదనుకున్నా. అది అడగలేదు. మన క్లాసులో ఎంతమంది చూసినారు, ఎన్ని దినాల్నించి తెల్సు మీకు అని అడిగింది."